ఒకే ఇంటిపేరు వాళ్ళ జాబితా తప్పుల్లేకుండా వేసుకోవడం ఎలా

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే మా ప్రెస్సుకి ఒక రకం పని వచ్చి తీరుతుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చి బల్ల ముందు కూర్చుంటారు. "అమ్మా, మా ఇంటిపేరు వాళ్ళందరం వనభోజనాలు పెట్టుకుంటున్నాం. చిన్న సావనీరు వెయ్యాలి. మన ఇంటిపేరుతో గొప్పవాళ్ళయినవాళ్ళు, పేరున్న వ్యాపారాలు, అన్నీ నాలుగు పేజీల్లో రావాలి" అంటారు. చేతిలో ఒక నోటుబుక్కు ఉంటుంది, ఫోన్లో ఎవరో పంపిన లిస్టు ఒకటి ఉంటుంది.

మాది ఒడిశాలోని బరంపురం. మా నాన్న సీసపు అక్షరాలు పేర్చిన గదిలోనే నేను ఇరవై ఏడేళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. శుభలేఖయినా, విజిటింగ్ కార్డయినా, షాపు బిల్లుబుక్కయినా నేను ముందు అడిగేది ఇంటిపేరే. అందుకని ఈ జాబితాలు ఎక్కడ సరిగా వస్తాయో, ఎక్కడ తప్పుతాయో చేతిమీద తెలిసింది. మీరూ మీ ఇంటిపేరు మీద ఇలాంటిది వేసుకోవాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఇప్పుడు మా పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవడం చాలామందికి రాదు. వాళ్ళ దగ్గర మిగిలిన తెలుగుమాటల్లో ఇంటిపేరు ఒకటి. అది కూడా ఆధార్ కార్డు మీద ఒక్క పొడి అక్షరం కింద నిలబడి ఉంటుంది. "ఆ అక్షరం అంటే ఏంట్రా?" అని అడిగితే కాలేజీ కుర్రాడు తెల్లమొహం వెయ్యడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ నాలుగు పేజీలూ నాకు మామూలు పని కాదు.

ముందు ఇంటిపేరు ఏదో తేల్చుకోవాలి. ఇది చెప్పాల్సిన పనా అనిపిస్తుంది, కానీ సగం తప్పులు ఇక్కడే పడతాయి. మన ఊరివాడే వి.వి.గిరిగారు ఉన్నారు. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు, 1975లో భారతరత్న వచ్చింది. ఇంటిపేరు గిరి అన్నవాళ్ళ లిస్టుల్లో ఆయన పేరు పైనే ఉంటుంది. ఆయన ఇంటిపేరు గిరి కాదు, వరాహగిరి. పెట్టిన పేరు వెంకటగిరి. తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులుగారు, వకీలు. మొదటి 'వి' వరాహగిరి, రెండోది వెంకట. చివర మిగిలిన గిరినే బయటివాళ్ళు ఇంటిపేరనుకున్నారు. ఉత్తరాదిలో గిరి అని నిజంగా ఇంటిపేరున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకీ మన వరాహగిరివారికీ ఏ సంబంధమూ లేదు.

ఇలా ఎందుకవుతుందంటే, మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియావాళ్ళకి చివర ఉంటుంది. వాళ్ళు దాన్ని సాంగియా అంటారు. స్కూల్లో ఫారం నింపేటప్పుడు మాస్టారు "సాంగియా ఏది?" అని అడిగి చివరి మాట రాసేసుకుంటారు. మనవాడి పేరు చివర రావు ఉంటే ఇంటిపేరు రావు అయిపోతుంది. ఆ రకంగా చూస్తే మన ఊళ్ళో రావుల కుటుంబం అంత పెద్దది ఇంకోటి ఉండదు. మన పి.వి.నరసింహారావుగారినీ ఇంగ్లీషు పేపర్లు రావు అనే రాసేవి. ఆయన ఇంటిపేరు పాములపర్తి. 1996లో మా బరంపురం నుంచే లోక్‌సభకి గెలిచారు. ఆ ఎన్నికల్లో నంద్యాలలో కూడా గెలిచి, బరంపురం సీటే ఉంచుకున్నారు.

కాబట్టి రావు, రెడ్డి, నాయుడు, రాజు, శాస్త్రి, మూర్తి లాంటివి చివర కనిపిస్తే అక్కడ ఆగకండి. అవి గౌరవానికో, కులాన్ని బట్టో, పేరులో భాగంగానో వచ్చినవి. ఇంటిపేరు ముందు వెతకాలి. సరోజినీ నాయుడుగారి భర్త పేరు ముత్యాల గోవిందరాజులు నాయుడు. అంటే ఆవిడ అత్తింటి ఇంటిపేరు ముత్యాల. నాయుడు అన్నవాళ్ళ లిస్టులో ఆవిడని చేర్చడం కంటే ముత్యాలవారి లిస్టులో చేర్చడం సరి.

ఇందులోనే గజపతి చిక్కు ఒకటుంది. మా వైపు ఇది తరచూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకి మొదటి ప్రధాని అయ్యారు, అప్పుడు ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. ఆయన పేరు మీదే బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, 1962లో మొదలైంది. పర్లాకిమిడిలో ఎస్.కె.సి.జి. కాలేజీ ఉంది. 1992 అక్టోబరు 2న ఏర్పడిన గజపతి జిల్లా కూడా ఆయన పేరే. ఆ పక్కన విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజుగారు ఉన్నారు. పైకి చూస్తే ఇంటిపేరు ఒకటే, ఇద్దరూ రాజవంశీకులే, ఊళ్ళు కూడా దగ్గరే. ఒక లిస్టులో "గజపతి వంశం" అని ఇద్దర్నీ ఒకే గీత కింద వేసి తెచ్చారు. గజపతి అన్నది బిరుదు. విజయనగరం వారి ఇంటిపేరు పూసపాటి. అశోక్ గజపతిరాజుగారి తండ్రి పి.వి.జి.రాజు పేరులో 'పి' పూసపాటే. పి.వి.జి.రాజుగారు 1958లో పెట్టిన మాన్సాస్ విద్యా ట్రస్టు కూడా పూసపాటివారి కిందకే వస్తుంది. బిరుదు కలిసినంత మాత్రాన రెండు వంశాలు ఒకటి కావు.

పదవిని బట్టి వచ్చిన పేర్లూ ఇలాగే చూసుకోవాలి. మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి జరుగుతుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు తన పుట్టింటికి వచ్చినట్టుగా దేశిబెహరా వీధికి వస్తుంది. దేశిబెహరా అంటే దేరా అనే నేతకులం పెద్ద. ఆ కుటుంబానికి అదే ఇంటిపేరుగా నిలిచింది. అది విని బెహరా అన్నవాళ్ళందర్నీ తెచ్చి దేశిబెహరా కింద కలిపితే తప్పు. బెహరా అని ఒడియావాళ్ళలో ఎన్నో కులాలవాళ్ళకి ఉంది, శ్రీకాకుళం విశాఖ వైపు తెలుగువాళ్ళలోనూ ఉంది.

పట్నాయక్ కూడా అంతే, అది సరిహద్దుకి రెండువైపులా ఉన్న పేరు. ఒడిశాకి ముగ్గురు పట్నాయక్‌లు ముఖ్యమంత్రులయ్యారు. బిజూ పట్నాయక్, ఆయన కొడుకు నవీన్ పట్నాయక్ ఒక కుటుంబం. వాళ్ళ పూర్వీకులది మా గంజాం జిల్లా. నవీన్ గారు 2000 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు, గెలిచింది మా జిల్లాలోని హింజిలి నుంచి. జానకీవల్లభ పట్నాయక్ వేరే కుటుంబం. మన తెలుగు సినిమా సంగీత దర్శకుడు ఆర్.పి.పట్నాయక్ ఇంకో కుటుంబం. జాబితాలో నలుగుర్నీ వేయొచ్చు, బిజూ, నవీన్‌ల పేర్ల పక్కన మాత్రమే తండ్రీకొడుకులని రాయాలి.

వ్యాపారాల దగ్గరికి వస్తే ఇంటిపేరు ఎక్కువగా దాక్కుని ఉంటుంది. మార్వాడీ, పార్సీ సంస్థల్లాగా మనవాళ్ళు ఇంటిపేరు బోర్డు మీద పెట్టుకోవడం తక్కువ. టాటా, బిర్లా అనగానే ఇంటిపేరు తెలిసిపోతుంది. మనవి అలా తెలియవు, విప్పి చూడాలి. జి.ఎం.ఆర్. అంటే గ్రంధి మల్లికార్జునరావు. ఆయనది ఇచ్ఛాపురం దాటి ఇంకా కిందకి వెళితే వచ్చే రాజాం. ఆయన గ్రూపు విమానాశ్రయాలు కట్టింది, ఒడిశాలోనే ఢెంకనాల్ జిల్లా కమలంగలో కరెంటు ప్లాంటు పెట్టింది. మరి ఇంటిపేరు గ్రంధి అన్నది బోర్డు మీద ఒక్క 'జి' కింద ఉంది. జి.వి.కె. కంపెనీ పేరులో 'జి' గునుపాటి. డాక్టర్ రెడ్డీస్ అని 1984లో కంపెనీ పెట్టిన అంజిరెడ్డిగారి ఇంటిపేరు కల్లం. మందుల షాపులో రోజూ ఆ డబ్బాలు చేతిలో పట్టుకుంటాం, ఆ మాట ఎక్కడా కనపడదు. ఇక బిజూ పట్నాయక్ పెట్టిన కళింగ ఎయిర్‌లైన్స్, కళింగ ట్యూబ్స్ లాంటివి దేశం పేరు పెట్టుకున్నవి. అందుకని వ్యాపారాలు వెతికేటప్పుడు బోర్డు పేరు చూడకండి, పెట్టినవాళ్ళు ఎవరో చూడండి.

నాకు బాగా గుర్తున్నది అక్కినేనివారి సంగతి. మా ఊళ్ళో ముసలివాళ్ళకి కంట్లో శుక్లం వస్తే "ఎల్వీ ప్రసాద్‌కి తీసుకెళ్ళండి" అంటారు. భువనేశ్వర్‌లో ఆ ఆసుపత్రి ఉంది కదా, పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు. ఒకసారి ఒక పెద్దాయన అక్కినేని అన్న ఇంటిపేరు మీద ప్రముఖుల లిస్టు తెచ్చి, నాగేశ్వరరావుగారు, వాళ్ళ పిల్లలు, మనవలు అని రాసిచ్చారు. కంటికి పచ్చటి గుడ్డ కట్టుకుని ఉన్నారు. "తాతగారూ, ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నారు?" అంటే ఎల్వీ ప్రసాద్‌లో అన్నారు. "ఆయన కూడా అక్కినేనివారే" అన్నాను. ఒక నిమిషం మాట్లాడలేదు. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అని ఆయన నోటుబుక్కులో నాచేతే రాయించుకుని, ఆ గీత కింద ఇంకో గీత గీసుకున్నారు.

నాగేశ్వరరావుగారిది కృష్ణాజిల్లా రామాపురం, ఎల్.వి.ప్రసాద్‌గారిది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, ప్రసాద్‌గారికి 1982కి, నాగేశ్వరరావుగారికి 1990కి. ఒకే ఇంటిపేరుకి రెండు ఫాల్కేలు! కానీ 1987లో హైదరాబాదులో ఆ కంటి ఆసుపత్రిని స్థాపించింది డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు. ప్రసాద్‌గారి కుటుంబం స్థలం, డబ్బు ఇచ్చింది, అందుకే ఆయన పేరు పెట్టారు. కాబట్టి ఆ ఆసుపత్రి గుళ్ళపల్లివారి జాబితాలో స్థాపకుడి కింద, అక్కినేనివారి జాబితాలో దాతల కింద వస్తుంది. ఎవరి జాబితాలో ఏ హోదాలో వస్తుందో ఒక్క మాటలో రాయండి. లేకపోతే రెండు కుటుంబాల్లో ఒకరికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన పని. ఇంటిపేరు ఒకటే, మరి కుటుంబం ఒకటేనా? మన ఇంటిపేర్లలో చాలామటుకు ఊళ్ళ పేర్లు. ఒక ఊరి నుంచి బ్రాహ్మలు వెళ్ళారు, రెడ్లు వెళ్ళారు, కోమట్లు వెళ్ళారు, నేతవాళ్ళు వెళ్ళారు. కొత్తచోట అందర్నీ ఆ ఊరి పేరుతోనే పిలిచారు. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది. దువ్వూరి అన్న పేరు చూడండి. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2008 నుంచి 2013 దాకా చేసిన దువ్వూరి సుబ్బారావుగారు, గోదావరి వైపు స్వాతంత్ర్యపోరాటంలో జైలుకి వెళ్ళిన దువ్వూరి సుబ్బమ్మగారు, నెల్లూరు వైపు కవికోకిల దువ్వూరి రామిరెడ్డిగారు. రామిరెడ్డిగారు వేరే కులం, వేరే జిల్లా. ముగ్గురూ దువ్వూరివారే, కానీ ముగ్గురినీ ఒకే వంశవృక్షం మీద కూర్చోబెట్టలేం. (సుబ్బారావుగారి ముందు గవర్నరు వై.వి.రెడ్డిగారి ఇంటిపేరు యాగా. వరసగా ఇద్దరు తెలుగు గవర్నర్లు. ఒకరి ఇంటిపేరు అందరికీ తెలుసు, రెండోది ఎవరూ అనరు.)

ఇది తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. గోత్రమేంటి? ఇక్కడికి రాకముందు ఏ ఊరు? ఇలవేల్పు ఎవరు? ఈ మూడూ ఇంట్లో పెద్దావిణ్ణి అడగండి, మగవాళ్ళని కాదు. పెళ్ళిసంబంధాలు చూసేటప్పుడు "వాళ్ళు మనకి సగోత్రీకులు, అన్నదమ్ముల వరస, చెయ్యకూడదు" అని లెక్క చెప్పేది వాళ్ళే కాబట్టి ఎవరు ఎవరో బాగా తెలిసేది వాళ్ళకే. ఇంటిపేరు ఒకటై గోత్రం వేరయితే కుటుంబం వేరు. రెండూ కలిసి పాత ఊరు కూడా కలిస్తే అప్పుడు "మనవాళ్ళు" అని ధైర్యంగా రాయొచ్చు. ప్రముఖుల విషయంలో వాళ్ళింటికి వెళ్ళి అడగలేం. అందుకని "ఇదే ఇంటిపేరు గలవారు" అని రాస్తే సరిపోతుంది. "మన వంశీకులు" అని మాత్రం రాయకండి. నేను ఈ మాట దగ్గర చాలా పట్టుదలగా ఉంటాను. డబ్బులిచ్చే పార్టీ అడిగినా వెయ్యను.

ఇంటిపేరు పుట్టుకతో ఒకటి, తరవాత ఒకటి అయినవాళ్ళు ఉంటారు. శ్రీశ్రీగారు పుట్టింది పూడిపెద్దివారింట. శ్రీరంగం వారికి దత్తత వెళ్ళారు కాబట్టి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు, ఆ పేరులోంచే శ్రీశ్రీ వచ్చింది. శ్రీరంగంవారి జాబితాలో ఆయన ఉండాలి. పూడిపెద్దివారి జాబితాలోనూ "జన్మతః" అని ఒక మాటతో ఉండొచ్చు. ఆరుద్రగారిలా కలంపేరు పెట్టుకున్నవాళ్ళయితే, అడుగున ఉన్న భాగవతుల అన్న ఇంటిపేరు తీసి పైకి పెట్టాలి. ఎలమంచిలి వైపు పల్లెల్లో పనిచేస్తున్న భాగవతుల చారిటబుల్ ట్రస్టు కూడా ఆ ఇంటిపేరు కిందే రాసుకోవాలి. దాన్ని 1976లో పెట్టింది భాగవతుల వెంకట పరమేశ్వరరావుగారు, అణుశాస్త్రం చదువుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి.

ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. నా దగ్గరకొచ్చే లిస్టుల్లో పదిమంది మగవాళ్ళుంటే ఒక్క ఆడపేరు ఉండదు. అడిగితే "వాళ్ళు పెళ్ళయి వెళ్ళిపోయారు కదమ్మా" అంటారు. కోడళ్ళనేమో "వేరే ఇంటినుంచి వచ్చినవాళ్ళు కదా" అంటారు. అటూ కాక, ఇటూ కాక, ఎక్కడికి పోవాలి వాళ్ళు? భండారు అచ్చమాంబగారు తెలుగులో మొట్టమొదట కథలు రాసినవాళ్ళలో ఒకరు, 1874లో పుట్టారు. పుట్టింటి ఇంటిపేరు కొమర్రాజు. తెలుగులో విజ్ఞాన పుస్తకాలు వేసిన విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారికి ఆవిడ అక్క. తల్లిదండ్రుల ఇంట్లో కొమర్రాజు, భర్త ఇంట్లో భండారు. రెండు జాబితాల్లోనూ ఆవిణ్ణి పూర్తి గౌరవంతో రాయాలి. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి సావనీరులో "మన ఆడపడుచులు", "మన కోడళ్ళు" అని విడిగా శీర్షికలు అడుగుతాను. మీరూ ఆ రెండు శీర్షికలు ముందే రాసి పెట్టుకోండి. ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు నింపుతారు.

అచ్చమాంబగారి భండారుకి ఒత్తు ఉంది. హర్యానా గవర్నరుగా చేసిన బండారు దత్తాత్రేయగారి బండారుకి లేదు. ఇంగ్లీషులో రాస్తే చాలాసార్లు రెండూ ఒకలాగే పడతాయి. ఈ ఒత్తు విషయంలో నాకు జరిగింది చెబుతాను.

పన్నెండేళ్ళ కిందట ఒక కుటుంబం సావనీరుకి నేనే పేజీలు పెట్టాను. వాళ్ళ ఇంటిపేరు మొదటి అక్షరానికి ఒత్తు లేదు. "ఊళ్ళో మన వ్యాపారాలు" అన్న పేజీకి ఒక షాపు బోర్డు ఫోటో తెచ్చిచ్చారు. బోర్డు ఇంగ్లీషులో ఉంది. నేను అనుమానించకుండా ఇంటిపేరు తెలుగులో ఒత్తు లేకుండా కొట్టి, కింద "మన కుటుంబ సంస్థ" అని వేసేశాను. మూడువందల కాపీలు అచ్చయ్యాయి. రెండోరోజు ఆ షాపు పెద్దాయన పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చారు. కోపంగా లేరు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. "ఏటమ్మా, మమ్మల్ని వేరేవాళ్ళలో కలిపీసేవు? మా నాన్న ఈ షాపు పెట్టినపుడు బోర్డు మీద ఒత్తు మర్చిపోతే మళ్ళీ రంగు వేయించాడు" అన్నారు. వాళ్ళ గోత్రం వేరు, వాళ్ళొచ్చిన ఊరు వేరు.

ఆ రాత్రి నేను, మా ఆయన, మా అబ్బాయి కూర్చుని, సరైన వాక్యం చిన్న చీటీల మీద కొట్టి, కత్తిరించి, జిగురు రాసి మూడువందల కాపీల్లో ఆ ఫోటో కింద అంటించాం. తెల్లవారేసరికి నా బొటనవేలు జిగురుతో గట్టిపడిపోయింది. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బోర్డు ఫోటో చూసి ఇంటిపేరు కొట్టను. షాపువాళ్ళని తెలుగులో చేత్తో రాసిమ్మంటాను. తెలుగు రాయడం రాని పిల్లలు కూర్చుని ఉంటే, వాళ్ళచేత నోటితో చెప్పించుకుని, నేను రాసి, ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించి రమ్మంటాను.

షాపు ఎవరిదో తెలుసుకోవడానికి ఇంకో మంచి దారి ఉంది, చాలామందికి తెలీదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపు ఏదైనా బోర్డు మీద ఆ నంబరు రాయాలి. అది పదిహేను అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36, మహారాష్ట్రకి 27. తరవాత పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం పి అయితే ఆ షాపు ఒక మనిషి పేర ఉంది. ఎఫ్ అయితే భాగస్వాముల సంస్థ, సి అయితే కంపెనీ, హెచ్ అయితే హిందూ అవిభక్త కుటుంబం. మనిషి పేర ఉంటే, పాన్‌లో ఐదో అక్షరం ఆ మనిషి చివరి పేరుకి మొదటి అక్షరం. ఆ నంబరు జీఎస్టీ వెబ్‌సైటులో కొడితే చట్టప్రకారం పేరు, వ్యాపారం పేరు రెండూ వస్తాయి. బోర్డు మీద దేవుడి పేరున్నా, అసలు యజమాని పేరు అక్కడ కనిపిస్తుంది.

ఇక్కడే మన సంగతి కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. మా ఊరి బడాబజారులో వరసగా ఉన్న తెలుగువాళ్ళ షాపుల నంబర్లు ఒకసారి రాసుకుని చూశాను. ఐదో అక్షరం చాలావాటికి ఆర్. అంటే రావు. ఇంటిపేరు ద, మ, క, ప దేంతో మొదలైనా సరే, పాన్ కార్డుకి వాళ్ళంతా రావులే. కాబట్టి ఈ అక్షరాన్ని ఒక ఆనవాలుగా వాడుకోండి, ఆఖరి మాటగా కాదు. యజమాని పేరు తెలిశాక మనిషి దగ్గరికి వెళ్ళి ఇంటిపేరు అడగాల్సిందే. ఆ నంబర్లు పుస్తకంలో అచ్చు వెయ్యకండి. ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు కూడా వాళ్ళు ఒప్పుకుంటేనే వెయ్యండి.

ఒడియాలో ఉన్న కాగితాలు, ఓటరు లిస్టులు, స్కూలు రికార్డులు వెతికేటప్పుడు అక్షరాలు మారతాయని గుర్తుంచుకోండి. మన వ వాళ్ళ దగ్గర బ అవుతుంది, ఇంగ్లీషు వి అయితే భి అవుతుంది. వరాహగిరి బరాహగిరి అవుతుంది. ఎ, ఏలకి తేడా ఉండదు, ఒ, ఓలకీ ఉండదు. అంటే ఈ దీర్ఘం ఒక్కటే తేడాగా ఉన్న రెండు ఇంటిపేర్లు ఒడియాలో ఒకటే అయిపోతాయి. అందుకని మీ ఇంటిపేరు ఒడియాలో ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందు ఒక కాగితం మీద అన్నీ రాసుకుని, ఒక్కోటీ వెతకండి. మా నాన్న సీసపు అక్షరాల పెట్టెలో ఒత్తు అక్షరాలు అరిగిపోతే మామూలు అక్షరం పెట్టి, ప్రూఫులో చేత్తో ఒత్తు గీసేవారట. ఆ గీత చూడకుండా అచ్చేసిన పాత శుభలేఖలు కూడా ఉంటాయి. పాత కాగితంలో ఉంది కదా అని నమ్మెయ్యకుండా రెండోది కూడా చూడండి.

ఇక ఎంట్రీ ఎలా రాయాలో ఒకటి చూపిస్తాను. ఇంటిపేరు ముందు బొద్దుగా, తరవాత పేరు, వాడుకలో ఉన్న పేరు, ఊరు, ఏడాది, చేసిన పని, చివర మీకు చుట్టరికం రుజువైతే అదీ.

"వరాహగిరి వెంకటగిరి. వి.వి.గిరిగా ప్రసిద్ధులు. జననం బరంపురం, 1894. తండ్రి జోగయ్య పంతులు, వకీలు. కార్మిక నాయకుడు. భారత రాష్ట్రపతి, 1969–74. భారతరత్న, 1975."

ఇంతే. "మహోన్నత", "అజరామర" లాంటి మాటలు పెడితే చోటు పోతుంది తప్ప విషయం చేరదు. ప్రముఖులకి ఎంత చోటిచ్చారో, అప్పడాల మిషను పెట్టి పదిమందికి పనిచ్చిన మీ ఊరి ఆవిడకీ అంతే చోటివ్వండి. పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు కూడా ఒకప్పుడు ఊరి మాస్టారే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

ప్రూఫు రెండుసార్లు చూడండి. ఒకసారి చదువుకున్నవాళ్ళు కళ్ళతో చూడాలి, ఇంకోసారి ఇంట్లో పెద్దావిడకి పైకి చదివి వినిపించాలి. మా దగ్గర బయటపడిన తప్పుల్లో ఎక్కువ రెండోసారే దొరికాయి. "వాళ్ళు మనవాళ్ళు కారే" అని ఆవిడ ఒక్కమాట అంటే ఆ పేజీ మళ్ళీ మొదట్నుంచి చెయ్యాల్సిందే.

అచ్చుకిచ్చేటప్పుడు చివర రెండు పేజీలు గీతలు కొట్టి ఖాళీగా ఉంచమనండి. మావాళ్ళు చాలామంది సూరత్‌లో మిల్లుల్లో పనిచేస్తారు. ఒక కుటుంబం అక్కడికి పంపిన కాపీ మళ్ళీ ఏడాది కార్తీకానికి తిరిగొచ్చింది. ఖాళీ పేజీలో పదకొండు పేర్లు ఉన్నాయి, కొన్ని పెన్సిలుతో, కొన్ని గుజరాతీ అక్షరాల్లో. అందులో నాలుగు పేర్లు ఇక్కడివాళ్ళెవరికీ తెలీవు. గోత్రం, పాత ఊరు పక్కనే రాసి ఉన్నాయి కాబట్టి కలిపి చూసుకోగలిగాం. ఒక్క జాగ్రత్త తీసుకోండి. లోపలి పేజీలు ఫోటోల కోసం ఆర్టుపేపరు మీద వేయించినా, ఆ చివరి కాగితం మాత్రం మాప్లిథో మీద, అంటే పూత లేని మామూలు తెల్లకాగితం మీద వేయించండి. ఆర్టుపేపరు మీద పెన్ను జారిపోతుంది, రాసింది చేత్తో తుడిస్తే చెరిగిపోతుంది.